నమ్మొచ్చు అన్నారంటే నమ్మి తీరాలని కాదు

అందరికీ నమస్కారం.

రోమ్ నగరానికి దగ్గర్లో, ఒక సరస్సు ఒడ్డున, ట్రెవిన్యానో రొమానో అని చిన్న ఊరుంది. అక్కడ ఒకావిడ బోస్నియాలోని మెజుగోరియే యాత్రాస్థలం నుంచి తెచ్చుకున్న మరియమాత విగ్రహం రక్తపు కన్నీళ్ళు కారుస్తోందని కొన్నేళ్ళ కిందట ప్రచారం మొదలైంది. ప్రతి నెలా మూడో తారీఖున జనం పోగయ్యేవాళ్ళు. మాత ఇచ్చిన సందేశమంటూ ఆవిడ చదివి వినిపించేవారు. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టిన పిజ్జా ఎంతమంది తిన్నా తరగలేదని కూడా చెప్పుకొచ్చారు. చివరికి 2024 మార్చిలో ఆ ప్రాంతపు బిషప్ మార్కో సాల్వి తేల్చి చెప్పారు: ఇందులో దైవికమైనదేమీ లేదు, అక్కడ జరిగే కూటాలకు ఎవరూ వెళ్ళొద్దు. ఆ తర్వాత రోమ్ (అంటే వాటికన్) కూడా అదే మాట ఖాయం చేసింది.

మరి ఫ్రాన్స్‌లోని లూర్దులో మాత కనిపించిందని 14 ఏళ్ళ పిల్ల చెబితే ఒప్పుకున్న శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఇక్కడ ఎందుకు కాదంది? దేవుణ్ణి నమ్మనివాళ్ళు వెటకారంగా అడిగేది ఇదే. మన జపమాల కూటాల్లో కూర్చునే అమ్మలు అమాయకంగా అడిగేదీ ఇదే. ఇద్దరికీ కలిపి ఇవాళ మాట్లాడతాను.

ముందు పునాది చూద్దాం. కతోలిక విశ్వాసం ప్రకారం దేవుడు మనిషికి చెప్పదలచుకున్నదంతా క్రీస్తులో చెప్పేశాడు. అపొస్తలుల కాలంతో అది పూర్తయింది. లోకాంతం దాకా దానికి కొత్తగా కలపాల్సింది ఏమీ లేదు. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో సిలువ యోహాను అనే పునీతుడు ఈ విషయం మొహమాటం లేకుండా రాశాడు. దేవుడు తన కుమారుణ్ణి ఇచ్చి, ఉన్నదంతా ఒక్కసారే చెప్పేశాక, ఇంకా దర్శనం కావాలి, ఇంకో మాట కావాలి అని అడగటం ఆయన్ని అవమానించడమేనట. ఇలా అన్నది పొడిపొడిగా చదువుకున్న పండితుడు కాదు, జీవితమంతా ధ్యానంలో గడిపిన మనిషి.

అయితే ఆ తర్వాత వచ్చిన దర్శనాలు, సందేశాలు ఏమిటి? వాటిని వ్యక్తిగత ప్రకటనలు అంటారు. అవి విశ్వాసపు మూలధనంలో భాగం కావని, కతోలిక బోధనలను కూర్చిన సత్యోపదేశ గ్రంథం 67వ పేరాలో స్పష్టంగా ఉంది. క్రీస్తు చెప్పినదాన్ని సరిదిద్దడం వాటి పని కాదు, పూర్తి చెయ్యడం అసలే కాదు. ఏదో ఒక కాలంలో జనం ఆ మాట ప్రకారం ఇంకాస్త బాగా బతకడానికి సాయపడటం, అంతే.

ఇక్కడ చాలామంది ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. లూర్దును నమ్మకపోయినా కతోలికుడు కతోలికుడే. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మాత కనిపించిందన్న నమ్మకం లేదన్నవాణ్ణి పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్ళమని ఎవరూ అనరు. దీన్ని పద్ధతిగా రాసిపెట్టినవాడు ప్రోస్పెరో లాంబర్తీని, తర్వాత 14వ బెనెడిక్ట్ పోపు అయిన మనిషి. పోపు కాకముందు, ఎవరినైనా పునీతులుగా ప్రకటించాలన్నప్పుడు ఆ ఫైల్లో లోపాలు వెతకడమే ఏళ్ళ తరబడి ఆయన ఉద్యోగం. ఆయన చెప్పింది ఇదీ: శ్రీసభ ఆమోదించిన దర్శనాలను కూడా విశ్వాస సత్యంలా నమ్మనక్కర్లేదు. మనుషుల మాటను వివేకంతో ఎలా నమ్ముతామో అలా నమ్మితే చాలు. నమ్మబుద్ధి కాకపోతే, తగిన కారణం ఉండి, ఎగతాళి చెయ్యకుండా, పక్కన పెట్టొచ్చు. పాల ప్యాకెట్టు మీద నాణ్యత ముద్ర ఉందంటే తాగితే ప్రమాదం లేదని అర్థం కానీ, ప్రతివాడూ తాగి తీరాలని కాదు కదా. ఆమోదం కూడా అలాంటిదే.

ఇప్పుడు లూర్దుకి వెళ్దాం. అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే విచారణ ఎలా జరుగుతుందో అక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

1858 ఫిబ్రవరి 11. బెర్నదెత్ సుబిరూ ఇంట్లో పూట గడవడం కష్టం. ఖైదీలను ఉంచడానికి కూడా పనికిరాదని వదిలేసిన పాత జైలు గదిలో ఆ కుటుంబం కాపురముంటోంది. పిల్ల పుల్లలు ఏరుకోవడానికి నది పక్క గుహ దగ్గరికి వెళ్ళింది, ఏదో కనిపించింది. ఏం కనిపించిందని అడిగితే మరియమాత అనలేదు. తన ఊరి యాసలో 'అకెరో' అంది, అంటే 'అది'. ఊరంతా మాత, మాత అని హోరెత్తిస్తున్నా ఆ పిల్ల మాత్రం 'అది' దగ్గరే ఆగింది.

పది రోజులకు పోలీసు అధికారి జాకోమే పిలిపించాడు. చెప్పిందంతా రాసుకున్నాడు. తర్వాత తిరిగి చదువుతూ కావాలనే మాటలు మార్చాడు. "కన్య మరియ నన్ను చూసి నవ్వింది" అని చదివితే, "నేను కన్య మరియ అనలేదండీ" అంది. మళ్ళీ మార్చాడు, మళ్ళీ సరిదిద్దింది. చివరికి "మీరు అంతా మార్చేశారండీ" అనేసింది. చదువు రాని పిల్ల, ఎదురుగా పోలీసు. నేర్పిన కథ చెప్పేవాళ్ళు ఇలాంటి చోటే దొరికిపోతారు. జాకోమేకి ఏమీ దొరకలేదు.

ఆ ఊరి గుడి గురువు పేరమాల్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ గుడి కట్టమన్నారని పిల్ల వచ్చి చెబితే ఆయన కసిరాడు. ముందు పేరు అడుగు అన్నాడు. నిజమైతే ఈ చలికాలంలో గుహ దగ్గరున్న గులాబీ పొదను పూయించమను అన్నాడు. పొద పూయలేదు. మార్చి 25న మాత్రం పేరు వచ్చింది: "నేను నిష్కళంకోద్భవిని." తల్లి గర్భంలో పడ్డప్పటి నుంచే పాపం అంటనిదాన్ని అని దానర్థం. పిల్లకు ఆ అర్థం తెలియదు, మర్చిపోతానేమోనని దారి పొడుగునా వల్లించుకుంటూ గురువు దగ్గరికి పరుగెత్తింది. ఆ సిద్ధాంతాన్ని రోమ్ ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళు కూడా కాలేదు. ఆ మాట గుడిలో ఎక్కడో చెవిన పడి ఉంటుందని వాదించేవాళ్ళు ఉన్నారు. కొట్టిపారేయాల్సిన వాదనేం కాదు అది. కానీ పేరమాల్ మనసు తిరిగింది అక్కడే.

ఇంతలో ఊళ్ళో ఇంకో తలనొప్పి మొదలైంది. బెర్నదెత్ పేరు మారుమోగేసరికి ఇంకా చాలామందికి దర్శనాలు కావడం మొదలెట్టాయి! గుహలో పూనకాలు, వింత చేష్టలు. అవేవీ నిలబడలేదు. బిషప్ లోరెన్స్ జూలైలో ఒక సంఘాన్ని వేశాడు. తీర్పు ఎప్పుడొచ్చింది? 1862 జనవరి 18న. మూడున్నరేళ్ళు. మాత నిజంగానే కనిపించిందని, విశ్వాసులు దాన్ని నమ్మడానికి తగిన ఆధారం ఉందని రాశాడు. తగిన ఆధారం ఉందన్నాడు, నమ్మి తీరాలని మాత్రం ఆయనా అనలేదు.

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది డబ్బు విషయం. ఆ పిల్ల చేతిలో నాణేలు పెట్టబోతే విదిలించుకునేది. తిండికి లేని ఇల్లు అది. తర్వాత నెవేర్ మఠంలో చేరి, మళ్ళీ లూర్దు మొహం చూడకుండా 35 ఏళ్ళకే చనిపోయింది. నాకు చెప్పమన్నారు, మీ చేత నమ్మించమనలేదు అని ఆమె అనేదట. స్వస్థతల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 1883 నుంచి అక్కడ డాక్టర్ల కార్యాలయం ఉంది. 7 వేలకు పైగా కేసులు నమోదైతే, 2025 నాటికి అద్భుతాలని శ్రీసభ ఒప్పుకున్నవి 72.

సరే, విధేయత సంగతి. బయటివాళ్ళకు ఇది కొరుకుడు పడదు. దర్శనాలు చూసినవాళ్ళు బిషప్‌కి లోబడకపోతే ఫైలు దాదాపు మూసినట్టే. అధికారం కాపాడుకోవడానికే కదా ఇదంతా అని మీకు అనిపించవచ్చు. అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ 16వ శతాబ్దపు మఠకన్య, పునీతురాలు ఆవిలా తెరెసమ్మ ఏం చేసిందో వినండి. ఆమెకు క్రీస్తు కనిపిస్తున్నాడంటే, అది సైతాను పని అని ఆమె ఆత్మగురువులు అనుమానించారు. ఆ రోజుల్లో స్పెయిన్‌లో దొంగ దర్శనాల భయం ఊరికే లేదు. కోర్దోబాలో పునీతురాలిగా పేరు మోసిన మఠాధిపతి మగ్దలేనా దె లా క్రూస్ అదంతా బూటకమని ఒప్పుకోవడం జనానికి ఇంకా గుర్తుంది. అందుకని గురువులు తెరెసమ్మకు ఒక ఆజ్ఞ ఇచ్చారు: ఈసారి కనిపిస్తే, వేళ్ళ మధ్య బొటనవేలు పెట్టి ఛీ పో అన్నట్టు చూపించు. మోటు సైగ అది. తాను ప్రాణంగా కొలిచే ప్రభువుకి అలా చెయ్యాలంటే ఆమెకు గుండె కోసినట్టయింది. అయినా చేసింది, క్షమించమని వేడుకుంటూనే చేసింది. నువ్వు లోబడటమే మంచి పని అని ప్రభువు అన్నాడని తన ఆత్మకథలో రాసుకుంది. నిజమైన దర్శనం బిషప్ మీద తిరగబడమని చెప్పదన్న లెక్క ఇక్కడిదే.

శ్రీసభ ఎప్పుడూ సరిగ్గానే తేల్చిందా అంటే, లేదు. మన ఇళ్ళల్లో కనిపించే దివ్య కారుణ్య పటం చూడండి, గుండెలోంచి ఎరుపు, తెలుపు కిరణాలు వచ్చే యేసు బొమ్మ. ఆ భక్తి పోలెండ్ మఠకన్య ఫాస్టీనా దర్శనాల నుంచి వచ్చింది. ఆమె 1938లో చనిపోయింది. 1959లో రోమ్ ఆ భక్తినీ, ఆమె రాతలనూ ప్రచారం చెయ్యొద్దని నిషేధించింది. రోమ్ చేతికి తప్పుల తడక అనువాదాలు వెళ్ళాయని తర్వాత తేలింది. క్రాకోవ్ ఆర్చిబిషప్ కరోల్ వొయ్‌తీవా పట్టుబట్టి విచారణ మళ్ళీ మొదలుపెట్టించాడు. 1978 ఏప్రిల్‌లో నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది అక్టోబర్లో ఆ ఆర్చిబిషప్పే రెండో జాన్‌పాల్ పోపు అయ్యాడు. 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిందీ ఆయనే. ఇరవై ఏళ్ళ పాటు నోరు మూసుకోమంటే మూసుకున్న భక్తులను కూడా ఈ కథలో తలుచుకోవాలి.

దీనికి తలకిందుల కథ ఆమ్‌స్టర్‌డామ్‌ది. 1945 నుంచి 1959 దాకా ఒకామెకు 'సర్వజనుల రాణి'గా మాత కనిపించిందన్నారు. 2002లో స్థానిక బిషప్ ఇది దైవికమేనని ప్రకటించాడు. భక్తి లోకమంతా పాకింది. తీరా 2024 జూలైలో రోమ్ ఒక పాత కాగితం బయటపెట్టింది: ఇది దైవికం కాదని 1974లోనే తీర్మానించారట, పోపు ఆమోదమూ పొందిందట. మరి ఇన్నేళ్ళు ఆ కాగితం ఎందుకు దాచినట్టు? నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఇది. జనం ప్రార్థన చేసుకుంటుంటే ఫైలు అల్మారాలో పెట్టుకుని కూర్చోవడం ఏం పద్ధతి?

ఇలాంటి గజిబిజి వల్లే 2024 మే 17న వాటికన్ కొత్త నియమాలు వెలువరించింది. అంతకుముందున్నవి 1978 నాటివి, అవి కూడా చాలాకాలం బిషప్‌లకే పరిమితం. 1950 తర్వాత అధికారికంగా తేలిన కేసులు ఆరుకు మించి లేవని ఆ నియమాలు తెచ్చిన వాటికన్ శాఖ పెద్ద కార్డినల్ ఫెర్నాండెస్ తన ముందుమాటలో ఒప్పుకున్నారు. కొత్త పద్ధతిలో మామూలుగా ఎవరూ "ఇది నిజంగా దేవుడి నుంచే వచ్చింది" అని ప్రకటించరు. బిషప్ రోమ్‌ని సంప్రదించి ఆరు మెట్లలో ఏదో ఒకటి చెబుతాడు. అన్నిటికన్నా పైమెట్టు "అడ్డేమీ లేదు", అంతే. కిందిమెట్టు "ఇది దైవికం కాదు". నడుమ ఉన్నవి జాగ్రత్త అనే మాటకు రకరకాల మోతాదులు.

బిషప్ వేసే సంఘంలో ఒక వేదాంతి, ఒక శ్రీసభ చట్ట నిపుణుడు, సంఘటనను బట్టి ఇంకో నిపుణుడు తప్పనిసరిగా ఉండాలి. రక్తమంటే ల్యాబ్‌కి పోవాలి, మనిషి మానసిక స్థితి మీద అనుమానం వస్తే డాక్టర్ చూడాలి. చెప్పే మనిషి నమ్మదగినవాడా, సందేశం సువార్తకు ఎదురు పోతోందా, దీని వెనక డబ్బు, పేరు, పెత్తనం ఉన్నాయా అని చూస్తారు. నాకు బాగా నచ్చిన అంశం ఒకటి: దర్శనాల పేరు చెప్పి మనుషులను గుప్పిట్లో పెట్టుకోవడం, వేధించడం ప్రత్యేకంగా ఘోరమైన తప్పుగా రాశారు. "మాత నాతో చెప్పింది, నువ్వు ఇలా చెయ్యాలి" అనే మాటకు ఎదురు చెప్పలేక నలిగిపోయినవాళ్ళు ఎందరో ఉంటారు.

దీనికి పెద్ద పరీక్ష మెజుగోరియే. బోస్నియా-హెర్జెగొవీనాలోని ఆ పల్లెలో 1981 జూన్‌లో ఆరుగురు పిల్లలు మాతను చూశామన్నారు. ఏళ్ళు గడిచినా వాళ్ళలో కొందరు దర్శనాలు ఆగలేదనే చెబుతూ వచ్చారు. స్థానిక బిషప్‌లు గట్టిగా వ్యతిరేకించారు. 2017లో ఫాతిమా నుంచి తిరిగొస్తూ విమానంలో పోపు ఫ్రాన్సిస్ చురక అంటించారు: నాకు మాత అంటే తల్లి, రోజూ ఫలానా టైముకి సందేశం పంపే టెలిగ్రాఫ్ ఆఫీసు అధికారి కాదు అని. అదే ఫ్రాన్సిస్ హయాంలో 2024 సెప్టెంబర్ 19న "అడ్డేమీ లేదు" వచ్చింది. వాటికన్ మెజుగోరియేను ఆమోదించిందని ఒకటే ప్రచారం జరిగింది. ఆ పత్రం చదివితే, మాత అక్కడ కనిపించిందని ఎక్కడా లేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో మనసు మారినవాళ్ళు, ఏళ్ళ తర్వాత పాపసంకీర్తనం చేసుకున్నవాళ్ళు, గురువులుగా మారినవాళ్ళు ఉన్నారని, ఆ ఫలాలు నిజమని ఉంది. సందేశాల్లో కొన్ని బాగా లేవనీ ఉంది. ముఖ్యంగా "నా సందేశాలు వినండి" అని పదే పదే వచ్చేవి జనం దృష్టిని సువార్త మీద నుంచి మళ్ళిస్తాయని హెచ్చరించారు. యాత్రకు వెళ్ళేవాళ్ళు దర్శనాలు చూశామన్న ఆ మనుషులను కలవడానికి వెళ్ళకూడదని కూడా రాశారు.

ఇది తప్పించుకునే మాట అని కొందరు విసుక్కున్నారు. ఉందా లేదా చెప్పకుండా ఏమిటీ నాన్చుడు అని. నేనైతే ఇదే నిజాయితీ అంటాను. ఒకరి లోపల ఏం జరిగిందో బయటి నుంచి రుజువు చెయ్యలేం. దాని వల్ల మనుషులు ఎలా మారారో మాత్రం చూడగలం. ఒక్క చిక్కుంది. మంచి ఫలాలు అబద్ధం నుంచి కూడా పుట్టొచ్చు. మోసగాడి మాట విని ఒకడు తాగుడు మానేశాడనుకోండి, మోసం నిజమైపోదు. కొత్త నియమాలు ఈ చిక్కును పూర్తిగా విప్పాయని నేననుకోను.

మనవైపు చూస్తే, విజయవాడ గుణదల తిరునాళ్ళు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. 11 లూర్దు మాత పండుగ. ఫాదర్ ఆర్లాటి 1924లో అక్కడ విగ్రహం పెట్టడంతో మొదలైంది ఆ భక్తి. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, కొవ్వొత్తి పట్టుకుని కొండెక్కేవాళ్ళు, వాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళు ఎందరో! మనవాళ్ళు రైళ్ళెక్కి పోయే వేళాంగణి మీద కూడా 2024 ఆగస్టు 1న తంజావూరు బిషప్‌కి రోమ్ నుంచి ఉత్తరం వచ్చింది. పాలు తీసుకెళ్ళే కుర్రాడు, మజ్జిగ అమ్మే కుంటి పిల్లాడు, తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు, ఈ కథలన్నీ అందులో ప్రేమగా తలుచుకున్నారు. అయితే ఏదీ చారిత్రకంగా రుజువైందని తీర్పు చెప్పలేదు. అన్యమతస్థులు అక్కడికి రావడాన్ని మతాల కలగాపులగంగా చూడొద్దని కూడా అందులో ఉంది. గుణదల మెట్లెక్కే జనాన్ని చూసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది.

ఇక వాట్సాప్. "మాత తాజా సందేశం, మూడు రోజుల చీకటి రాబోతోంది, పది మందికి పంపకపోతే కీడు" లాంటివి వస్తుంటాయి. ఇప్పటిదాకా చెప్పుకున్న దాంట్లో ఏ జల్లెడ పట్టినా అవి నిలవవు. కీడు జరుగుతుందని బెదిరించి షేర్ చేయించుకునేది దేవమాత కాదు. డిలీట్ చెయ్యండి, పాపం రాదు.

నిజంగానే మీ ఊరి గుడి పరిధిలో ఎవరికైనా ఏదో కనిపించిందని చెబితే మాత్రం ఎగతాళి చెయ్యకండి, మైకు కూడా పెట్టకండి. ఫాదర్‌గారికి చెప్పండి, ఆయన బిషప్‌గారికి తెలియజేస్తారు. తేలేదాకా అక్కడ కూటాలు పెట్టకండి, కానుక పెట్టె అసలే పెట్టకండి. ఆ మనిషి పేరు, వీడియో నాకు పంపుతామంటూ మెసేజ్ చెయ్యకండి. పంపినా ఈ ఛానల్లో వెయ్యను. ఉంటాను.